హైస్కూలు పరిశోధన ఇంటర్న్‌షిప్‌లు, కళాశాల ప్రవేశాలు: నెల్లూరు తీరం

హైస్కూలు పరిశోధన ఇంటర్న్‌షిప్ అంటే ఎనిమిదో తరగతికీ పన్నెండో తరగతికీ మధ్యనున్న విద్యార్థి బడి గోడలు దాటి, ఒక ప్రయోగశాలలోనో పరిశోధన క్షేత్రంలోనో శాస్త్రవేత్తల పక్కన కొన్ని వారాలు ఉండి, జవాబు పుస్తకం చివర దొరకని ప్రశ్న మీద పనిచేయడం. అమెరికాలో ఇది కళాశాల దరఖాస్తుకు బలం చేకూర్చే అనుభవంగా పేరుపడింది. అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాల ద్వారా ఆ మాట మన ఊళ్లకూ చేరింది: పిల్లవాడికి ఎక్కడైనా ‘రీసెర్చి’ ఇప్పిస్తే సీటు సులువవుతుందని. ఈ నమ్మకంలో ఎంత నిజముందో తేల్చుకోవడానికి నెల్లూరు తీరం తగిన చోటు. ఉత్తరాన కావలి నుంచి దక్షిణాన తడ దాకా సాగే ఈ తీరంలో రాకెట్లు ఎగిరే శ్రీహరికోట ఉంది. పులికాట్ సరస్సు, నేలపట్టు పక్షుల కేంద్రం ఉన్నాయి. ముత్తుకూరులో 1991లో మొదలైన మత్స్య విజ్ఞాన కళాశాల, నెల్లూరులో 1937 నుంచి వరి మీద పనిచేస్తున్న వ్యవసాయ పరిశోధన కేంద్రం, 2008లో ఏర్పడిన విక్రమ సింహపురి విశ్వవిద్యాలయం ఉన్నాయి. 2022 జిల్లాల పునర్విభజనలో సూళ్లూరుపేట, తడ, శ్రీహరికోట తిరుపతి జిల్లాలోకి వెళ్లినా తీరం ఒకటే. ప్రవేశ పరీక్షల శిక్షణలో దేశమంతా విస్తరించిన నారాయణ విద్యాసంస్థలు కూడా 1979లో నెల్లూరులోనే మొదలయ్యాయి. పరిశోధన దారి, ర్యాంకు దారి పక్కపక్కనే సాగుతూ ఎక్కడా కలవని ప్రాంతమిది.

ఈ రెండు దారులనూ కలపాలా, కలిపితే ఎక్కడ కలపాలి అన్నది ఇక్కడ అసలు ప్రశ్న. సాక్ష్యాలన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే తేలేది ఇది: పరిశోధనానుభవం వల్ల ఈ తీరంలోని విద్యార్థికి ర్యాంకు పెరగదు, సీటు దగ్గర పడదు. అయితే ఏ సీటు కోసం ప్రయత్నించాలన్న ఎంపిక మాత్రం మారుతుంది. ఆ ఎంపిక ఖరారయ్యేది పదో తరగతి ముగిసిన వేసవిలో. కాబట్టి ఇంటర్న్‌షిప్‌కు మార్కులు కలపడం కన్నా, దాన్ని ఆ వేసవికి ముందుకు జరపడం, డబ్బున్నా లేకున్నా అందేలా చూడడం మేలు చేస్తాయి.

ముందు ప్రవేశాల తీరు చూద్దాం. ఉమ్మడి రాష్ట్రంలో 1986లో మొదలైన ఎంసెట్, 2021 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో ఈఏపీసెట్‌గా నడుస్తోంది. ఇంజనీరింగ్ సీటుకు పరీక్ష మార్కుకు 75 శాతం, ఇంటర్ మార్కులకు 25 శాతం వెయిటేజీ అన్నది చిరకాలపు పద్ధతి. కోవిడ్ ఏళ్లలో ఆ 25 శాతాన్ని కూడా పక్కనపెట్టారు. వైద్యానికి నీట్, ఎన్ఐటీలకు జేఈఈ మెయిన్, ఐఐటీలకు జేఈఈ అడ్వాన్స్‌డ్. వీటిలో ఏ దరఖాస్తులోనూ ‘నువ్వు ఏం పరిశోధించావు’ అని అడిగే గడి లేదు. ప్రతిభకు పరీక్ష బయట చోటివ్వడం మన వ్యవస్థకు బొత్తిగా తెలియదనీ అనలేం. ఈఏపీసెట్ కౌన్సెలింగులో ఎన్‌సీసీకి కోటా ఉంది, క్రీడలకు ఉంది. వ్యవసాయ, మత్స్య కోర్సుల్లో రైతు కుటుంబాల పిల్లలకు ప్రత్యేక కోటా ఉంది. పదో తరగతి మార్కులతో సీట్లిచ్చే ఆర్జీయూకేటీ ట్రిపుల్ ఐటీల్లో, ప్రభుత్వ బడుల్లో చదివినవారికి 4 శాతం అదనంగా కలుపుతారు. ఖోఖో ఆటకు గుర్తింపు ఉన్న దేశంలో, పులికాట్ నీటిలో ఉప్పు ఎందుకు పెరుగుతోందని ఏడాది పొడవునా కొలిచిన పిల్లకు ఏ గుర్తింపూ లేదు. చూడగానే ఇది అన్యాయమనిపిస్తుంది. కానీ ఈ లోటుకు ఒక కారణం ఉంది, ఆ కారణం బలమైనది.

పరీక్ష మీద మన సమాజానికి ఉన్న నమ్మకం చాలావరకు ఇతర కొలమానాల మీద అపనమ్మకం నుంచి పుట్టింది. ఇంటర్ ప్రాక్టికల్స్‌నే చూడండి. సొంత కళాశాలలో ప్రాక్టికల్స్ పెడితే మార్కులు ఉదారంగా పడతాయని, విద్యార్థులను వేరే కేంద్రాలకు పంపే జంబ్లింగ్ విధానం కోసం ఏళ్ల తరబడి వాదోపవాదాలు సాగాయి. ఒక టైట్రేషను మార్కునే నమ్మలేని చోట, ఎవరో రాసిచ్చిన పరిశోధన పత్రాన్ని నమ్మి సీటు ఇవ్వడం ఎలా? ఇసకపల్లి, మైపాడు పక్కన ఉండే పట్టపుపాళేల నుంచి వచ్చే మత్స్యకార కుటుంబాల పిల్లలకు ర్యాంకు కార్డు ఇచ్చిన గౌరవం చిన్నది కాదు. ఎవరి సిఫారసు అవసరం లేదు, ఇంగ్లీషులో వ్యాసం రాయక్కర్లేదు, తండ్రికి ప్రొఫెసరుతో పరిచయం ఉండక్కర్లేదు. కోచింగు ఫీజుల వల్ల ఆ సమానత్వం చాలా తగ్గిపోయింది, నిజమే. అయినా మిగిలిందాన్ని తేలిగ్గా వదులుకోకూడదు. పరిశోధనకు వెయిటేజీ ఇవ్వాలని వాదించేవారు ముందుగా ఈ ప్రశ్నకు జవాబు చెప్పాలి.

పరీక్షల వ్యవస్థలో పరిశోధనాసక్తికి చిన్న కిటికీ తెరిచిన ప్రయత్నం ఒకటి జరిగింది. కేంద్ర శాస్త్ర సాంకేతిక విభాగం 1999లో ప్రారంభించిన కిశోర్ వైజ్ఞానిక్ ప్రోత్సాహన్ యోజన, అందరూ కేవీపీవై అని పిలిచినది, మౌలిక శాస్త్రాల వైపు వచ్చే విద్యార్థులను ఇంటర్ దశలోనే గుర్తించి ఫెలోషిప్ ఇచ్చేది. తొలి ఏళ్లలో ఇంజనీరింగ్, వైద్యం వైపు మొగ్గిన విద్యార్థుల నుంచి సొంత ప్రాజెక్టు నివేదికలు కూడా స్వీకరించేది. కాలక్రమంలో ప్రాజెక్టు భాగం పోయి, రాత పరీక్ష, ఇంటర్వ్యూ మిగిలాయి; ఆ తర్వాత ఇంటర్వ్యూ కూడా పోయింది. బెంగళూరు ఐఐఎస్సీ, శాస్త్ర విద్యా పరిశోధన సంస్థలైన ఐసర్‌లు ఆ ఫెలోషిప్ ద్వారా కొన్ని సీట్లు నింపేవి. 2022లో పథకమే ఆగిపోయింది. 2024 నుంచి ఐసర్‌లు, మనకు దగ్గరి తిరుపతి ఐసర్‌తో సహా, తమ సొంత ప్రవేశ పరీక్ష ఐఏటీ ఒక్కదానితోనే బీఎస్-ఎంఎస్ సీట్లు ఇస్తున్నాయి. పరిశోధకులను తయారుచేయడానికే పుట్టిన సంస్థలు కూడా చివరికి పరీక్ష దగ్గరే ఆగాయి. చెన్నై మ్యాథమెటికల్ ఇన్‌స్టిట్యూట్‌లో గణిత ఒలింపియాడ్ విజేతలకు విడిగా దారి ఉంది. ఐఐటీ కాన్పూరు 2025లో ఒలింపియాడ్ ద్వారా ప్రవేశాలు మొదలుపెట్టింది. కానీ ఒలింపియాడ్ కూడా కాలవ్యవధిలో లెక్కలు తేల్చే పోటీయే. నెలల తరబడి ఒక ప్రశ్నతో కాపురం చేసే ఓపికను అది కొలవలేదు.

తీరానికి దక్షిణపు కొసన, తడకు కొద్ది దూరంలో, రెండు పద్ధతులూ ఒకేచోట ఎదురెదురుగా కనిపిస్తాయి. శ్రీసిటీలో 2013లో మొదలైన ఐఐఐటీ జేఈఈ మెయిన్ ర్యాంకుతో సీట్లిస్తుంది. అదే శ్రీసిటీలో 2018లో ఏర్పడిన క్రియా విశ్వవిద్యాలయం దరఖాస్తు వ్యాసాలు, ఇంటర్వ్యూలు చూసి ఎంపిక చేస్తుంది. రెండో చోట హైస్కూలులో చేసిన పరిశోధన గురించి చెప్పుకునే అవకాశం విద్యార్థికి ఉంది, వినే మనిషి ఉన్నాడు. అయితే అది ప్రైవేటు విశ్వవిద్యాలయం. ఫీజు భరించగలిగినవారికో, ఉపకార వేతనం దొరికినవారికో మాత్రమే ఆ దారి. ఇంటర్న్‌షిప్ ప్రభావం గురించి మన దగ్గర వినిపించే చాలా మాటలు నిజానికి ఈ సన్నని దారికే వర్తిస్తాయి. వాటిని ఈఏపీసెట్ రాసే లక్షల మందికి వర్తింపజేయడం వల్లే గందరగోళం.

అమెరికా సాక్ష్యం ఏం చెబుతోంది

విదేశీ దరఖాస్తుల విషయంలోనూ నమ్మకం సాక్ష్యాన్ని మించి పెరిగింది. అమెరికాలో వందలాది కళాశాలలు వాడే కామన్ అప్లికేషన్‌లో విద్యార్థి తన కార్యకలాపాలు పది వరకు రాసుకోవచ్చు; ఒక్కొక్కదాని వివరణకు 150 అక్షరాలు. పరిశోధన ఆ పదింటిలో ఒకటి. అక్కడి ప్రవేశాల సలహాదారుల జాతీయ సంఘం నాకాక్ (NACAC), 2023 ప్రవేశాల గురించి కళాశాలలను అడిగినప్పుడు, సన్నాహక కోర్సుల్లో వచ్చిన గ్రేడ్లు చాలా ముఖ్యమన్నవి సుమారు 77 శాతం. పాఠ్యేతర కార్యకలాపాలు అంత ముఖ్యమన్నవి ఏడు శాతం లోపే. ఈ సర్వేలో అన్ని రకాల కళాశాలలూ ఉన్నాయి గనుక, పదిమందిలో ఒకరికి కూడా సీటివ్వని పెద్ద విశ్వవిద్యాలయాలకు ఇది వర్తించదని అనవచ్చు. ఆ ఆక్షేపణ సరైనదే. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం 2022లో తాను ఎంపిక చేసిన విద్యార్థుల్లో దాదాపు మూడో వంతు మంది హైస్కూలులోనే పరిశోధన చేసినవారని ప్రకటించింది. హార్వర్డ్ ప్రవేశాల మీద 2018లో బోస్టన్‌లో జరిగిన విచారణలో బయటపడిన పత్రాల ప్రకారం, విద్యావిషయక అంచనాలో అత్యున్నత శ్రేణి ఇచ్చేటప్పుడు మార్కులతోపాటు సొంత పాండిత్యానికి ఆధారం ఉందేమో కూడా చూసేవారు. అలాంటి శ్రేణి దక్కేది దరఖాస్తుదారుల్లో అతి కొద్దిమందికే.

కానీ మూడో వంతు మంది పరిశోధన చేశారంటే, పరిశోధన వల్లే సీటు వచ్చిందని అర్థం కాదు. ఆ వయసులో ప్రయోగశాల మెట్లెక్కే విద్యార్థికి అప్పటికే మంచి మార్కులు, చదువుకున్న తల్లిదండ్రులు, పరిశోధన కేంద్రం ఉన్న ఊరు ఉంటాయి. ఇవన్నీ లేకుండా ఒక్క ఇంటర్న్‌షిప్ ఏం చేయగలదో తెలియాలంటే, ఒకే స్థాయి విద్యార్థులను లాటరీ వేసి కొందరికి అవకాశమిచ్చి, కొందరికి ఇవ్వకుండా ఇరువర్గాలనూ ఏళ్ల తరబడి గమనించాలి. సారా కొహోడ్స్, హెలెన్ హో, సిల్వియా రోబ్లెస్ అనే ముగ్గురు పరిశోధకులు సరిగ్గా అదే చేసి 2022లో ఫలితాలు ప్రకటించారు. పేరున్న ఒక సాంకేతిక విద్యాసంస్థ, ప్రాతినిధ్యం తక్కువగా ఉన్న వర్గాల హైస్కూలు విద్యార్థులకు వేసవి శాస్త్ర కార్యక్రమాలు నడిపింది: ఆరు వారాలది ఒకటి, వారం రోజులది ఒకటి, ఆన్‌లైన్‌లో ఒకటి. అవకాశం దక్కినవారు దక్కనివారికన్నా మెరుగైన కళాశాలల్లో చేరారు, అక్కడ నిలిచారు, పట్టా పుచ్చుకున్నారు. ఆరు వారాల కార్యక్రమం వల్ల శాస్త్ర సాంకేతిక రంగాల్లో నాలుగేళ్లలో పట్టా పొందే అవకాశం 33 శాతం పెరిగింది.

ఈ అధ్యయనం ఇక్కడి పాఠకుడికి ఎందుకు ముఖ్యమంటే, అందులోని ఒక వివరం మీద చాలామంది దృష్టి పడదు. పట్టా పొందడంలో వచ్చిన లాభమంతా మంచి కళాశాలలో చేరడం నుంచే వచ్చింది. శాస్త్ర విషయాన్ని ఎంచుకుని నిలబడడంలో వచ్చిన లాభం మాత్రం కళాశాల మార్పు ఒక్కదానితో లెక్కకు అందనంత పెద్దది. అంటే ఆ వేసవి విద్యార్థి నడిచే దిక్కును కూడా మార్చింది. ఇది పూర్తి దరఖాస్తు చూసి సీటిచ్చే దేశంలో జరిగిన అధ్యయనం, ఈఏపీసెట్‌కు వర్తించదని ఎవరైనా అంటే, మొదటి సగం వరకు వారి మాట ఒప్పుకోవలసిందే. కళాశాల మారడమన్న లాభం ఇక్కడ రాదు, ఎందుకంటే మన ప్రవేశాలు ఆ అనుభవాన్ని చూడవు. దిక్కు మారడమన్న లాభానికి మాత్రం ప్రవేశాధికారి అవసరం లేదు. అది విద్యార్థి మనసులోనే జరుగుతుంది. నెల్లూరు తీరం నిజంగా ఆశించదగ్గది ఈ రెండో సగాన్నే.

ఇదే అమెరికాలో పరిశోధనకు వెయిటేజీ ఉందన్న నమ్మకం ఏం చేసిందో కూడా చూడాలి. 1984 నుంచి నడుస్తున్న రీసెర్చ్ సైన్స్ ఇన్‌స్టిట్యూట్ లాంటి మంచి కార్యక్రమాలు విద్యార్థి దగ్గర ఫీజు తీసుకోవు. తీవ్రమైన పోటీలో ఎంపిక చేస్తాయి. వాటికి వెలుపల పెద్ద బజారు పుట్టింది. ప్రోపబ్లికా, క్రానికల్ ఆఫ్ హయ్యర్ ఎడ్యుకేషన్ కలిసి 2023లో ప్రచురించిన కథనం ప్రకారం, తమ పిల్లల పేరుతో పరిశోధన వ్యాసం అచ్చయ్యేలా మార్గదర్శకత్వం చేసే సంస్థలకు తల్లిదండ్రులు 2,500 నుంచి 10,000 డాలర్ల దాకా చెల్లిస్తున్నారు. హైస్కూలు విద్యార్థుల వ్యాసాల కోసమే పత్రికలు వెలిశాయి. ఇంట్లో ఆధారాలు లేని పిల్లల కోసం తలుపులు తీస్తుందనుకున్న అనుభవం, ఉన్నవారి చేతిలో మరో మెట్టయింది. మన కోచింగు బజారు ఎంత చురుకైనదో తెలిసినవారికి, ఈఏపీసెట్‌లో ‘పరిశోధనకు 5 మార్కులు’ అని రేపు ఒక జీవో వస్తే ఎల్లుండికి ఏం జరుగుతుందో చెప్పనక్కర్లేదు. కాబట్టి మన ప్రవేశాల్లో పరిశోధనకు గడి లేకపోవడాన్ని లోటుగా మాత్రమే చూడడం తొందరపాటు. ఆ ఖాళీ వల్ల పరిశోధన ఇంకా పరిశోధనగా మిగిలే వీలుంది.

తీరంలో ఉన్న అవకాశాలు

1971 అక్టోబరు 9న రోహిణి-125 సౌండింగ్ రాకెట్‌తో మొదలైన శ్రీహరికోట, దశాబ్దాల పాటు చుట్టుపక్కల పిల్లలకు ఆకాశంలో కనిపించే పొగచారగానే ఉండేది. ఇస్రో 2019లో ప్రారంభించిన ‘యువ విజ్ఞాని కార్యక్రమం’, యువిక, ఆ దూరాన్ని కొంత తగ్గించింది. తొమ్మిదో తరగతి విద్యార్థులకు వేసవిలో రెండు వారాల వసతి శిక్షణ అది. ఉపన్యాసాలు, ప్రయోగశాలల సందర్శన, చేతులతో చేసే పనులు, శాస్త్రవేత్తలతో ముచ్చట్లు ఉంటాయి. మొదటి ఏడాది ఒక్కో రాష్ట్రం నుంచి ముగ్గురినే తీసుకున్నారు. తర్వాత సంఖ్య పెరిగింది, 2023 నుంచి శ్రీహరికోటలోని ఇస్రో కేంద్రం షార్ కూడా ఆతిథ్య కేంద్రాల్లో చేరింది. దీన్ని పూర్తి అర్థంలో పరిశోధన ఇంటర్న్‌షిప్ అనలేం. రెండు వారాల్లో ఎవరూ ఒక ప్రశ్నను పట్టుకుని చివరిదాకా పోలేరు. అయినా దాని ఎంపిక విధానం గమనించదగ్గది. ఎనిమిదో తరగతి మార్కులకు 50 శాతం, ఆన్‌లైన్ క్విజ్‌కు 10 శాతం, కొంత సైన్స్ ఫెయిర్లు, ఒలింపియాడ్లు, ఆటలు, స్కౌట్స్, ఎన్‌సీసీ లాంటివాటికి. ఇవి కాక పంచాయతీ పరిధిలోని బడిలో చదివేవారికి 15 శాతం. ఒక ప్రభుత్వ సంస్థ, సిఫారసులకు తావివ్వకుండా, పల్లెటూరి బడికి బరువిచ్చి, మార్కులు కాని ప్రతిభను కూడా లెక్కలోకి తీసుకోగలదని ఈ సూత్రం చూపిస్తోంది. ప్రవేశాల్లో పరిశోధనకు చోటు గురించి మాట్లాడేవారు విదేశీ నమూనాల కన్నా ముందు దీన్ని చదవాలి. ఇస్రోలోని సాధారణ ఇంటర్న్‌షిప్ పథకాలు కళాశాల విద్యార్థులకే గనుక, బడి పిల్లలకు ఆ సంస్థలో ఉన్న ముఖ్యమైన తలుపు ఇదే.

శ్రీహరికోట నుంచే ఎగిరిన మరో ప్రయత్నం ఆజాదీశాట్. దేశంలోని 75 ప్రభుత్వ బడుల నుంచి 750 మంది బాలికలు, చెన్నైకి చెందిన స్పేస్ కిడ్జ్ ఇండియా మార్గదర్శకత్వంలో దాని పరికరాలు తయారుచేశారు. 2022 ఆగస్టు 7న ఎస్ఎస్ఎల్‌వీ తొలి ప్రయోగంలో అది నిలకడైన కక్ష్యకు చేరలేదు. ఆరు నెలల తర్వాత, 2023 ఫిబ్రవరి 10న, ఆజాదీశాట్-2 కక్ష్యకు చేరింది. విఫలమై, కారణం కనుక్కుని, మళ్లీ ప్రయత్నించి గెలవడమన్న పరిశోధన స్వభావాన్ని ఆ అమ్మాయిలు పదో తరగతి వయసులో కళ్లారా చూశారు. ఆ అనుభవానికి ఏ ప్రవేశ పరీక్షలోనూ మార్కు లేదు. అయినా వారు ఆసక్తితో ప్రయత్నించారన్నది, మార్కు లేకపోతే పిల్లలు ఏదీ చేయరన్న వాదనకు తగిన సమాధానం.

రాకెట్లకు వచ్చే పేరు నీటికి రాదు గానీ, పరిశోధన దృష్టితో ఈ తీరానికి అసలైన సంపద నీరే. పులికాట్ దేశంలో చిలికా తర్వాత అతిపెద్ద ఉప్పునీటి సరస్సు. సముద్రంతో కలిపే ముఖద్వారాలు ఇసుకతో పూడిపోతే సరస్సులో నీరు, చేప, మత్స్యకారుల బతుకు అన్నీ మారిపోతాయి. 1990ల మొదట్లో టైగరు రొయ్య తెచ్చిన డబ్బు, దాని వెంట వచ్చిన తెల్లమచ్చ వ్యాధి, 1996 డిసెంబరులో తీరప్రాంత రొయ్యల చెరువుల మీద సుప్రీంకోర్టు తీర్పు, 2009 తర్వాత వనామీ రాక, ఇవన్నీ ఈ జిల్లా జీవించిన చరిత్ర. చెరువుల పక్క బావుల్లో ఉప్పదనం ఎంత పెరిగింది, ఏ నెలలో తగ్గుతుంది, నేలపట్టులో గూడబాతుల గూళ్లు ఏ ఏడు ఎన్ని, తీరానికి కొట్టుకొచ్చే తాబేళ్లు ఎక్కడెక్కడ ఎక్కువ: ఇవి తొమ్మిదో తరగతి పిల్లలు చవకైన పరికరాలతో, గళ్ల నోటు పుస్తకంతో, ఒక ఉపాధ్యాయుడి తోడుతో నిజంగా తేల్చగల ప్రశ్నలు. 1993 నుంచి నడుస్తున్న జాతీయ బాలల సైన్స్ కాంగ్రెస్ సరిగ్గా ఇలాంటి స్థానిక ప్రశ్నల కోసమే పుట్టింది. పది నుంచి పదిహేడేళ్ల పిల్లలు బృందంగా ఏర్పడి తమ పరిసరాలనే పరిశోధిస్తారు. ఇన్‌స్పైర్-మానక్ పథకం కింద మంచి ఆలోచన పంపిన విద్యార్థికి నమూనా చేసుకోవడానికి పదివేల రూపాయలు ఇస్తారు. ఈ రెండింటికీ పేరు తక్కువ, ఖర్చు తక్కువ. పేరుమోసిన ఒక ప్రయోగశాలలో పది రోజులు టెస్టుట్యూబులు కడగడం కన్నా, సొంత ఊరి బావిని ఏడాది కొలవడమే పరిశోధనకు దగ్గరని నిస్సంకోచంగా చెప్పవచ్చు.

ఎంపిక జరిగే క్షణం

అలాంటి పని ప్రవేశాలను ఎలా తాకుతుంది? పదో తరగతి ఫలితాలు వచ్చిన వారంలోనే ఈ తీరంలోని కుటుంబాలు ఎంపీసీ, బైపీసీలలో ఒకటి తేల్చేస్తాయి. ఎంపీసీ అంటే కంప్యూటర్ సైన్స్, బైపీసీ అంటే ఎంబీబీఎస్ అన్న లెక్క అప్పుడే గట్టిపడుతుంది. ఆ తర్వాత రెండేళ్లు ఉదయం నుంచి రాత్రి దాకా స్టడీ అవర్లు, వారాంతపు పరీక్షలు. ఆ రెండేళ్ల మధ్యలో ఇంటర్న్‌షిప్ చేయమనడం ఆచరణకు నిలవని సలహా. చేసినా ర్యాంకు పోతుందన్న తల్లిదండ్రుల భయం అర్థం చేసుకోదగ్గదే. అందుకే అసలు అదును ఎనిమిది, తొమ్మిది తరగతులు. ముత్తుకూరు కళాశాలలో చేపల వ్యాధులను సూక్ష్మదర్శినిలో చూసిన బైపీసీ విద్యార్థికి, మత్స్య విజ్ఞాన కోర్సు బీఎఫ్ఎస్సీ, నీట్‌లో సీటు రానప్పటి రెండో దిక్కుగా కాక మొదటి ఇష్టంగా కనిపించే అవకాశం ఉంది. తిరుపతి ఐసర్ ఉందని, దానికి ఐఏటీ అనే వేరే పరీక్ష ఉందని తెలియకుండానే ఇంటర్ ముగించే పిల్లలున్న చోట, ఒక పరిశోధకుడిని కలవడమే ప్రవేశ సమాచారం. అంతరిక్షం మీద మనసు పడ్డ అమ్మాయికి తిరువనంతపురంలోని అంతరిక్ష విద్యాసంస్థ ఐఐఎస్‌టీకి జేఈఈ అడ్వాన్స్‌డ్ ర్యాంకు కావాలని తొమ్మిదిలోనే తెలిస్తే, చదువుకు ఒక లక్ష్యం దొరుకుతుంది. పరిశోధన ఆమెను పరీక్ష నుంచి తప్పించదు. ఆ పరీక్ష ఎందుకు రాస్తున్నదో తెలిసేలా చేస్తుంది.

దీనికి గట్టి ఆక్షేపణ ఒకటి మిగిలి ఉంది: వెయిటేజీ లేనిదాన్ని బడులు పట్టించుకోవు, పట్టించుకునేలా చేయాలంటే తప్పనిసరి చేయాలి. జాతీయ విద్యావిధానం 2020 ఆరు నుంచి ఎనిమిది తరగతులకు పది రోజుల ‘బ్యాగు లేని’ కాలాన్ని, ఆరు నుంచి పన్నెండు తరగతులకు సెలవుల్లో ఇంటర్న్‌షిప్ అవకాశాలను సూచించింది. ఆంధ్రప్రదేశ్ 2020-21 నుంచి డిగ్రీ కోర్సుల్లో పది నెలల ఇంటర్న్‌షిప్‌ను తప్పనిసరి చేసింది. తప్పనిసరి చేస్తే అందరికీ అందుతుందన్న మాటలో న్యాయముంది. కానీ అంతమందికి పర్యవేక్షకులు లేని చోట, పని కన్నా ముందు సర్టిఫికెట్ పుట్టుకొస్తుంది. పదో తరగతి లోపు పిల్లల విషయంలో ఆ ప్రమాదం ఇంకా ఎక్కువ. బలవంతం కన్నా దారి ఖర్చు, భోజనం, ఉపాధ్యాయుడికి డ్యూటీ సెలవు ఇవ్వడం మెరుగు. మత్స్యకార కుటుంబంలో వేసవి అంటే వేట నిషేధ కాలం. ఏప్రిల్ మధ్య నుంచి జూన్ మధ్య దాకా మరపడవలు ఒడ్డునే ఉంటాయి, ఇంట్లో రాబడి తగ్గుతుంది. ఆ రెండు నెలల్లో పిల్లను నెల్లూరులో వారం ఉంచాలంటే ఎవరు భరించాలన్నది విధానకర్తలు మొదట తేల్చాల్సిన విషయం. ఫీజు లేనంత మాత్రాన ఇంటర్న్‌షిప్ ఉచితం కాదు.

ప్రవేశాల నియమాల్లో మార్పు అసలు అక్కర్లేదా అంటే, ఒక్కచోట అవసరమే. పరిశోధన చేయడానికే విద్యార్థులను తీసుకునే సంస్థలు, ఐసర్‌ల వంటివి, పరీక్షలో తగిన మార్కు దాటినవారిలో కొద్ది సీట్లకైనా సొంత పని మీద ముఖాముఖి పరీక్ష పెట్టవచ్చు. అలా అడిగినప్పుడు చూడాల్సింది అచ్చయిన వ్యాసం కాదు, విద్యార్థి చేతిరాతలోని కొలతల పుస్తకం. ఏ రోజు ఏ అంకె తప్పు వచ్చింది, ఎందుకు వచ్చిందనుకున్నాడు, మర్నాడు ఏం మార్చాడు. డబ్బిచ్చి వ్యాసం రాయించుకోవచ్చు, కానీ పదిహేను నిమిషాల ప్రశ్నలకు నిలబడే అనుభవాన్ని కొనడం కష్టం. పల్లె బడులకు యువిక ఇచ్చిన బరువును ఇక్కడా ఇస్తే, రాజుపాళెం జిల్లా పరిషత్ బడి పుస్తకానికీ నగరంలోని అంతర్జాతీయ బడి పుస్తకానికీ ఒకే బల్ల మీద చోటు దొరుకుతుంది. ఈఏపీసెట్, నీట్‌ల లాంటి లక్షల మంది రాసే పరీక్షలను మాత్రం అలాగే వదిలేయాలి. వాటికి పరిశోధన మార్కులు కలపడం వల్ల పరిశోధన బాగుపడదు, పరీక్ష నమ్మకమూ మిగలదు.

ఈలోగా చేయగలిగినది జిల్లా స్థాయిలోనే చాలా ఉంది. ముత్తుకూరు కళాశాల, సింహపురి విశ్వవిద్యాలయంలోని సముద్ర జీవశాస్త్ర విభాగం, వరి పరిశోధన కేంద్రం వేసవికి పదేసి మంది తొమ్మిదో తరగతి పిల్లలను తీసుకుని, వారిని మళ్లీ దసరా, సంక్రాంతి సెలవుల్లో పిలిచి అదే ప్రశ్నను కొనసాగించనిస్తే చాలు. ఎంపికకు జిల్లా విద్యాశాఖ దగ్గర బాలల సైన్స్ కాంగ్రెస్, ఇన్‌స్పైర్ ప్రదర్శనల జాబితాలు ఇప్పటికే ఉన్నాయి. ఆ పిల్లలు తర్వాత ఏ గ్రూపు తీసుకున్నారు, ఏ పరీక్షలు రాశారు, ఏ కోర్సుల్లో చేరారు అన్నది ఐదారేళ్లు నమోదు చేయాలి. ఎంపికైనవారితోపాటు అర్హత ఉండీ సీటు చాలక మిగిలిపోయినవారిని కూడా గమనిస్తే, అమెరికా అధ్యయనం అడిగిన ప్రశ్నకు ఈ తీరం తన జవాబు తానే చెప్పగలదు.